లయొనెల్ ఫీల్డెన్: ఆలిండియా రేడియో తొలి అధిపతి

ఢిల్లీ నగరమున పార్లమెంటు వీథిలోని పాత రేడియో భవనము ముందుగా దశాబ్దముల తరబడి వేలకొలది ప్రభుత్వోద్యోగులు తమ కార్యాలయములకు నడచిపోయిరి. 1943లో సిద్ధమైన ఆ భవనమున ఒక్కదినమైనను పనిచేయనివాడు, అయినను అందు జరుగు పనికి పద్ధతిని నేర్పినవాడు ఒక ఆంగ్లేయుడు కలడు. ఆయన పేరు లయొనెల్ ఫీల్డెన్. దొరతనము వారు పిలిపించిన ఉద్యోగియై వచ్చి, దొరతనముతోనే కలహించి, చివరకు భారతీయుల పక్షమున పుస్తకము వ్రాసిన మనిషి. రేడియో పెట్టెను విప్పి నిపుణుని ప్రసంగమో, సంభాషణమో వినుట మనకు వాడుకయైపోయినది. కాని ఈ దేశములో ఆ వాడుకను ఒకరు శ్రమపడి పుట్టింపవలసి వచ్చెను.

ఫీల్డెన్ 1896లో ఇంగ్లండునందు జన్మించెను. ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డునందలి బ్రేజ్‌నోజ్ కళాశాలలోను చదివెను. ఈ రెండు పేర్లును వినినంతనే ఆ దేశమున కొన్ని తలుపులు వాటంతట అవియే తెరచుకొనెడివి. మొదటి ప్రపంచ సంగ్రామమున సైనికుడుగా పనిచేసి, తరువాత నానాజాతి సమితి కార్యాలయమునను, శరణార్థుల సేవా సంస్థయందును కొంతకాలము గడపెను. ఎచ్చటను చిరకాలము నిలచినవాడు కాడు. ఊహాశక్తి, మాటనేర్పు, తొందరపాటు మూడును ఆయనయందు సమపాళ్ళలో ఉండెనని ఆయన స్వీయచరిత్రము చదివిన వారికి తోచును. 1927లో బి.బి.సి.లో చేరుటతో ఆయన జీవితమునకు ఒక మార్గమేర్పడెను.

ఆ కాలమున బి.బి.సి. కార్యాలయము థేమ్సు నది చెంత సేవాయ్ హిల్ అను చోట ఉండెను. అందు ప్రసంగముల శాఖకు అధ్యక్షురాలు హిల్డా మాథెసన్ అను విదుషీమణి. ఫీల్డెన్ గురుస్థానమున ఎవరినైన నిలుపవలెనన్న ఈమెనే నిలుపవలెను. రేడియోలో మాట్లాడుటకు వచ్చు పండితులు అంతవరకు రెండు విధములుగా మాట్లాడుచుండిరి: కొందరు వేయిమంది సభలో ఉపన్యసించినట్లు గొంతెత్తి మాట్లాడుదురు, మరికొందరు పత్రికకు వ్రాసిన వ్యాసమును తలవంచుకొని చదువుదురు. రెండును వినువానికి విసుగే. వినువాడు సభలో లేడు, గ్రంథాలయములోను లేడు. తన యింట, తన కుర్చీలో, బహుశః భోజనము ముగించి కూర్చుండి యున్నాడు. అట్టి ఒక్క మనిషితో మాట్లాడునట్లు మాట్లాడవలెనని మాథెసన్ గ్రహించెను. పండితుడు ముందుగా ప్రసంగమును వ్రాసి తేవలెను. దానిని శాఖవారు చదివి, గ్రాంథికమైన పొడుగు వాక్యములను విరుగగొట్టి, నోటికి నప్పునట్లు సరిచేయుదురు. తరువాత మైకు ముందు అభ్యాసము చేయింతురు. వ్రాసినదే చదువుచున్నను వ్రాసినట్లు వినబడరాదు. ఎంతటి శాస్త్రజ్ఞుడైనను, ఎంతటి రచయితయైనను ఈ శిక్షణకు లోబడవలసినదే. కొందరికి కోపము వచ్చెను. పెక్కుమందికి లాభము కలిగెను.

ఇంతేకాక, 1928 వరకు బి.బి.సి.లో వివాదాస్పదములైన విషయములను మాట్లాడుట నిషిద్ధము. ఆ యేడు ప్రభుత్వము నిషేధమును సడలించినంతనే మాథెసన్ శాఖ ఆర్థికము, మతము, సాహిత్యము, రాజకీయము అను భేదము లేక భిన్నాభిప్రాయములు గలవారిని పిలిచి ఎదురెదురుగా మాట్లాడింపసాగెను. సంస్థాధిపతియైన రీత్ దొరకు ఈ వేగము నచ్చలేదు. ఆధునిక సాహిత్యముపై ప్రసంగముల విషయమున వచ్చిన తగవు ముదిరి మాథెసన్ 1931 చివర రాజీనామా నొసగెను. ఫీల్డెన్ ఆ శాఖలోనే నిలచి ప్రసంగములను నడిపెను. కాని తాను నేర్చిన విద్యలోని సారము మాత్రము ఆమెవద్ద నేర్చినదే. నిపుణునికి తెలిసినది చాలదు, తెలియనివానికి తెలియునట్లు చెప్పవలెను. ఒక పక్షమును వినిపించిన రెండవ పక్షమునకును చోటీయవలెను అనునవి ఆ సారమునందలి రెండు సూత్రములు. మొదటిది భారతదేశమునకు వచ్చినప్పుడు ఆయన వెంట ఓడ దిగెను. రెండవది దిగుటకు అనుమతి దొరకలేదు.

ఇచ్చటి పరిస్థితి వేరు. 1927లో బొంబాయి, కలకత్తా నగరములలో ఒక ప్రైవేటు సంస్థ ప్రసారకేంద్రములను నెలకొల్పి, మూడేండ్లకే దివాలా తీసెను. 1930 ఏప్రిల్ నుండి ప్రభుత్వము దానిని స్వీకరించి ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ అని పేరు పెట్టెను. మరుసటి సంవత్సరము నష్టము భరింపలేక మూసివేయ నిశ్చయించి, ప్రజలును వర్తకులును గోల చేయగా మరల తెరచెను. రేడియో పెట్టెకు దిగుమతి సుంకము, ఏటికి పదిరూపాయల లైసెన్సు రుసుము ఉండగా సామాన్యుడు దాని దరికి పోలేడు. ఇట్టి సంసారమును చక్కదిద్దుటకు ఒక అనుభవజ్ఞుని పంపుమని భారత ప్రభుత్వము రీత్‌ను కోరగా, ఆయన ఫీల్డెన్‌ను ఎరవిచ్చెను. 1935 ఆగస్టు చివర ఫీల్డెన్ కంట్రోలర్ ఆఫ్ బ్రాడ్‌కాస్టింగ్ అను పదవిని స్వీకరించెను.

ఆ పదవి నాడు పరిశ్రమలు, కార్మికుల శాఖకు లోబడి యుండెను. కుర్చీ కొనవలెనన్న దస్త్రము, గాయకుని పిలువవలెనన్న దస్త్రము, దస్త్రము ఏమైనదని అడుగవలెనన్న మరియొక దస్త్రము. బి.బి.సి.లో మాటతో జరుగు పని ఇచ్చట కాగితముపై నెలల తరబడి నడచుచుండుట చూచి ఫీల్డెన్ ఉడికిపోయెను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేసిన వారికి ఈ ఘట్టమును విస్తరించి చెప్పనక్కరలేదు. అయినను ఆయన వచ్చిన నాలుగు నెలలకే, 1936 జనవరి 1వ తేదీన, అలీపూర్ రోడ్డులోని 18వ నంబరు బంగళానుండి ఢిల్లీ కేంద్రము ప్రసారములను ప్రారంభించెను. అంతకు పదిదినముల ముందే పాత రేడియో పత్రిక ఇండియన్ లిజనర్ అను క్రొత్త పేరుతో వెలువడుచుండెను.

సంస్థకు ఆలిండియా రేడియో అను పేరు వచ్చిన కథ చమత్కారమైనది. పాత పేరు నోరు తిరుగనిది, సర్కారు వాసన కొట్టునది. దానిని మార్పవలెనని ఫీల్డెన్ కోరిక. నేరుగా అడిగిన సచివాలయము కాదనును. అందుచేత ఒక విందు ముగిసిన పిమ్మట క్రొత్తగా వచ్చిన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువును ఒక మూలకు తీసికొనిపోయి, తాను పెద్ద చిక్కులో పడితిననియు, ప్రభువుల సలహా కావలెననియు దీనముగా విన్నవించెను. పాత పేరు పొడవుగా నున్నదని ప్రభువు ఒప్పుకొనెను. ఫీల్డెన్ ఏమియు తోచనివానివలె తల యూపుచు, ఒక మాటను అందించి, మరియొక మాట నప్పదని నిట్టూర్చి, చివరకు ఆలిండియా రేడియో అను పేరు వైస్రాయి నోటినుండియే వెలువడునట్లు చేసెను. వెంటనే అద్భుతమని మెచ్చుకొనెను. వైస్రాయి స్వయముగా పెట్టిన పేరును మార్చు సాహసము ఏ కార్యదర్శికి కలుగును? 1936 జూన్ 8వ తేదీన ఆ పేరు అమలులోనికి వచ్చెను. ఈ వృత్తాంతమును ఫీల్డెనే తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను గనుక కొంత ఉప్పుకారము చేరి యుండవచ్చును; పేరు మాత్రము నిలచినది. ఆకాశవాణి అను మన మాట మైసూరు సంస్థానపు రేడియోలో 1935 ప్రాంతమున పుట్టి, రెండు దశాబ్దముల తరువాత అఖిలభారత సంస్థకు సంక్రమించెను.

ఇక ఆయనకు ప్రియమైన ప్రసంగముల సంగతి. లండనులో నిపుణుడు తన మాతృభాషలోనే తన శాస్త్రమును చదివియుండెను. ఇచ్చట వైద్యుడు, ఇంజనీరు, వ్యవసాయాధికారి, న్యాయవాది అందరును ఆంగ్లమున చదివి, ఆంగ్లమున ఆలోచించి, ఇంటిలో మాత్రము తల్లిభాష మాట్లాడువారు. మశూచికమును గూర్చి గంటసేపు ఆంగ్లమున ఉపన్యసింపగల వైద్యుడు తన తల్లికి దానిని రెండు మాటలలో చెప్పుమన్న తడబడును. రేడియో కోరినది సరిగా ఆ రెండు మాటలే. పోనీ దేశభాషలో వ్రాసి తెమ్మన్నచో పండితులవద్దకు పోయి, తమకే అర్థముకాని సమాసములతో నింపి తెచ్చెడివారు. ఉత్తరదేశమున హిందీ, ఉర్దూ, హిందూస్తానీ అను తగవు దీనికి తోడయ్యెను. ప్రసంగములో ఒక పారసీక పదము పడిన ఒక పక్షము వారును, ఒక సంస్కృత పదము పడిన రెండవ పక్షము వారును ఫిర్యాదులు పంపుచుండిరి.

ఈ చిక్కునకు రేడియోవారు కనుగొన్న ఉపాయములలో సంభాషణము ఒకటి. నిపుణుని ఒంటరిగా మైకు ముందు కూర్చుండబెట్టక, ఏమియు తెలియని సామాన్యుని పాత్రలో ఒకరిని ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నలు వేయించుట. ప్రశ్నించువాడు నిజముగా తెలియనివాడై యుండరాదు. తెలిసియు తెలియనట్లు అడుగవలెను. ఎచ్చట శ్రోత వెనుకబడునో అచ్చట ఆపి మరల అడుగవలెను. చూచుటకు సులభముగా తోచు ఈ పని ప్రసంగించుటకంటె కష్టమైనది. పల్లెటూరివారి కార్యక్రమములలో ఇది బాగుగా నాటుకొనెను. ఢిల్లీ పరిసర గ్రామములలో సామూహికముగా వినుటకు రేడియో పెట్టెలను ఉంచిరి. విద్యుచ్ఛక్తి లేని ఊళ్ళు గనుక బ్యాటరీలను మాటిమాటికి పట్టణమునకు మోసికొనిపోయి చార్జి చేయించి తేవలసి యుండెను. బ్యాటరీ తీరినదినమున ఎరువుల నిపుణుడెంత చక్కగా మాట్లాడినను వినువారు లేరు.

ప్రసంగముల వలన జరిగిన మేలునకు ఒక తార్కాణము చాలును. విశాఖపట్టణమున బాల్యమును గడపిన సర్ సి.వి. రామన్ సామాన్యుల కొరకు రేడియోలో చేసిన విజ్ఞాన ప్రసంగములు తరువాత 1951లో ఆంగ్ల గ్రంథముగా వెలువడెను. రవీంద్రనాథ ఠాకూరు 1938లో తన జన్మదినమున కాళింపాంగులో నుండి, కవితను టెలిఫోను ద్వారా చదువగా కలకత్తా కేంద్రము దానిని ప్రసారము చేసెను.

కాని ఎవరి మాటను దేశము వినగోరుచుండెనో వారి మాట రేడియోలో వినబడలేదు. ఫీల్డెన్ హృదయమును గాయపరచినది ఇదియే. ప్రతి ప్రసంగము ముందుగా వ్రాయబడి అధికారులచే ఆమోదింపబడవలెను. రాజకీయమన్న మాట తగులరాదు. లండనులో ఇరుపక్షములను ఎదురెదురుగా కూర్చుండబెట్టినవాడు ఢిల్లీలో ఒక పక్షమునే వినిపింపవలసి వచ్చెను. 1937లో రాష్ట్ర శాసనసభలకు ఎన్నికలు జరిగి, అనేక రాష్ట్రములలో కాంగ్రెసు మంత్రివర్గములు ఏర్పడుచున్నను, రేడియో ఎండుటాకువలె ఆ ప్రవాహమునకు దూరముగా ఒడ్డుననే ఉండెను. ఎన్నికలలో పక్షముల వారికి రేడియోలో మాట్లాడు అవకాశము ఈ దేశమున 1977లో గాని కలుగలేదన్న, ఫీల్డెన్ ఎంతటి గోడను ఢీకొనెనో ఊహింపవచ్చును. గాంధీమహాత్ముని చేత ప్రసంగింపజేయవలెనని ఆయన గట్టిగా ప్రయత్నించెను. నెహ్రూను కూడ రప్పింప జూచెను. సర్కారు గొంతుకలో తమ గొంతు కలుపుటకు వారు అంగీకరింపలేదు; అంగీకరించినను సర్కారు ఊరకుండునా యనునది వేరు ప్రశ్న. ఇటు దొరలు ఆయనను విప్లవకారుడనిరి. అటు జాతీయవాదులు దొరల బంటనిరి. ఇరువురి మాటలోను కొంత నిజము లేకపోలేదు.

అడ్డంకులెన్ని యున్నను కేంద్రములు మాత్రము పెరిగెను. బి.బి.సి. ఇంజనీరు కిర్క్ 1936 ఆరంభమున వచ్చి సర్వే చేసి వెళ్ళెను. ఉన్న ధనముతో దేశమంతట మీడియం వేవ్ కేంద్రములను పెట్టుట అసాధ్యము. ఆ యేడే ప్రధాన ఇంజనీరుగా వచ్చిన గాయిడర్, ఇంత విశాలమైన దేశమునకు షార్ట్ వేవ్ తప్ప గత్యంతరము లేదని పట్టుపట్టి నెగ్గెను. పెషావరు, లాహోరు, లక్నో, తిరుచిరాపల్లి, ఢాకా వరుసగా వెలసెను. 1938 జూన్ 16వ తేదీన మద్రాసు కేంద్రము ప్రారంభమయ్యెను. తెలుగువారికి రేడియో అన్నది నిజముగా అప్పుడే పుట్టెను. హైదరాబాదున నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉండెను గాని అది వేరు సంస్థానము, వేరు సంస్థ.

మద్రాసు కేంద్రమున అరవముతోపాటు తెలుగునకును చోటు లభించెను. ఆచంట జానకిరాం వంటి రసజ్ఞులు అందు ఉద్యోగులైరి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లల కార్యక్రమములను నడిపిరి. వాణి అను పత్రిక తెలుగు కార్యక్రమముల వివరములతో వెలువడెను. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు పోరాడిన భాషావివాదము రేడియో గదిలో తనంతట తానే పరిష్కారమునకు వచ్చెననుట అతిశయోక్తి కాదు. పంతులుగారు 1940 జనవరిలో దివంగతులైరి. మైకు ముందు గ్రాంథికమున మొదలిడిన పండితుడు రెండవ నిమిషమునకే వ్యావహారికములోనికి దిగుచుండెను. యుద్ధకాలమున ఢిల్లీనుండి తెలుగు వార్తలు నియతముగా వినబడసాగెను. ఆ వార్తలు చదువుటకును, అనువదించుటకును రాజధానికి వచ్చిన తెలుగువారు ఇచ్చటి తెలుగు సమాజమునకు ఎంతయో వన్నె తెచ్చిరి.

ఫీల్డెన్‌కు కుడి, ఎడమ భుజములుగా నిలచినవారు బుఖారీ సోదరులు. అన్న అహమ్మద్ షా బుఖారీ, లాహోరు ప్రభుత్వ కళాశాలలో ఆంగ్లాచార్యుడు. పత్రస్ అను పేరుతో ఉర్దూలో హాస్యవ్యాసములు వ్రాసి పేరొందినవాడు. తమ్ముడు జుల్ఫికార్ బుఖారీ గొప్ప కంఠము గలవాడు. ప్రతిభావంతులే, కాని ఇరువురును ఒకే యింటివారగుటచే పత్రికలు ఊరకుండలేదు. బి.బి.సి. యన్న బుఖారీ బ్రదర్స్ కార్పొరేషనని వేళాకోళము పుట్టెను. ఫీల్డెన్ లెక్కచేయలేదు. మనిషి పనివాడైన చాలునను పట్టుదల ఆయనది; ఇతరుల కంటికి అది ఎట్లు కనబడునో ఆలోచించు ఓర్పు లేదు. హార్మోనియమును రేడియోనుండి బహిష్కరించు నిర్ణయము కూడ ఆయన హయాములోనిదే. దాని మెట్లు మన శ్రుతులను పలుకలేవను వాదమునకు రవీంద్రుని వంటివారి బలము కలదు. 1940 మార్చి 1వ తేదీన అమలైన ఆ నిషేధము మూడు దశాబ్దములు సాగెను. నాటకరంగమున హార్మోనిస్టును గంధర్వునిగా చూచుకొనిన ఆంధ్రులకు ఇది ఏమాత్రమును రుచింపలేదనుట సహజము.

1939 మార్చి చివరివరకు జరిగిన పనిని గూర్చి ఫీల్డెన్ ఒక సవివరమైన నివేదికను సిద్ధపరచగా 1940లో ప్రభుత్వము ప్రకటించెను. కేంద్రములు తొమ్మిదయ్యెను. కాని ముప్పదియైదు కోట్లకు మించిన జనములో రేడియో లైసెన్సులు 1939 చివరకును లక్షకు చేరలేదు. ఆయన ఈ లెక్కను దాచలేదు. తన ప్రయత్నము పూర్తిగా విఫలమైనదని తరువాత తానే వ్రాసికొనెను. ఇది కొంత కఠినమైన తీర్పు. పునాది తీయువానికి మేడ కనబడదు.

1940లో ఆయన పదవిని విడిచి స్వదేశమునకు మరలెను. పెద్ద బుఖారీ ఆయన స్థానమును పొంది, దేశవిభజనమువరకు నిర్వహించి, ఆపై ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాను ప్రతినిధిగా వెలుగొందెను. ఫీల్డెన్ గురువైన మాథెసన్ ఆ 1940లోనే మరణించెను. బి.బి.సి.లోని భారతీయ శాఖలో ఫీల్డెన్ కొద్దికాలము పనిచేసి, చిన్న బుఖారీని అచ్చటికి రప్పించి, తాను తప్పుకొనెను. తరువాత ఆ శాఖలోనే జార్జి ఆర్వెల్ అను రచయిత చేరి, భారతదేశమునకు ప్రసంగములను ఏర్పరచు పనిని 1943వరకు చేసెను.

ఆ 1943లోనే ఫీల్డెన్ బెగ్గర్ మై నైబర్ అను చిన్న గ్రంథమును ప్రకటించెను. కాంగ్రెసు నాయకులు చెరసాలలలో నుండగా, బ్రిటిషువారు యుద్ధావేశమున నుండగా, ఆంగ్లేయుల పాలన భారతదేశమునకు చేసిన కీడును నిర్దాక్షిణ్యముగా ఎత్తిచూపిన పుస్తకమది. గాంధీమార్గముపై ఆయనకు గల గౌరవము అందు ప్రతిపుటలోను కనబడును. ఆర్వెల్ హొరైజన్ పత్రికలో దీనిని తీవ్రముగా విమర్శించెను. భారత స్వాతంత్ర్యము విషయమున ఇరువురును ఒకే పక్షమువారు. కాని యంత్రములను, పాశ్చాత్య నాగరికతను తూలనాడి ఊళ్ళ జీవితమును కొనియాడుట ఆర్వెల్‌కు గిట్టలేదు. ఫీల్డెన్ అదే పత్రికలో ఎదురు సమాధానము వ్రాసెను. ఏ వాదప్రతివాదములను రేడియోలో వినిపింపవలెనని ఢిల్లీలో నాలుగేండ్లు తహతహలాడెనో అట్టిది ఆయనకు చివరకు ఒక సాహిత్య పత్రిక పుటలలో లభించెను.

యుద్ధము చివర మిత్రరాజ్యముల పరిపాలనాసంస్థలో ఉద్యోగియై ఇటలీకి పోయి, ఆ దేశముపై మక్కువ కలిగి ఫ్లారెన్సు నగర ప్రాంతమున స్థిరపడెను. ఆయన అచ్చటి జీవితమును గూర్చి చెప్పవలసినది అంతగా లేదు.

భారతదేశము స్వతంత్రమైనప్పుడు ఆయన నాటి తొమ్మిది కేంద్రములలో ఆరు మనకును, మూడు పాకిస్తానునకును చెందెను. 1947 నవంబరు 12వ తేదీ, దీపావళి నాడు, గాంధీమహాత్ముడు పార్లమెంటు వీథిలోని రేడియో భవనమునకు వచ్చెను. కురుక్షేత్ర శిబిరములోని రెండు లక్షల శరణార్థుల వద్దకు స్వయముగా పోజాలక, వారితో రేడియో ద్వారా మాట్లాడెను. మహాత్ముడు ప్రసారకేంద్రమునకు వచ్చి మాట్లాడుట అదే మొదలు, అదే తుది. ఆ దినమును ఇప్పుడు ప్రజాసేవా ప్రసార దినముగా పాటించుచున్నారు. ఏ సభలోనో అరచి చెప్పినట్లు గాక, ఎదుట కూర్చున్న బాధితునితో మెల్లగా మాట్లాడినట్లు ఆయన మాట్లాడెను. మైకు ముందు ఎట్లు మాట్లాడవలెనో ఆయనకు ఎవరును నేర్పనక్కరలేకపోయెను.

1960లో ఫీల్డెన్ తన స్వీయచరిత్రమును ది నాచురల్ బెంట్ అను పేరుతో ప్రకటించెను. భారతదేశమున గడపిన దినములను గూర్చిన అధ్యాయములు అందు మిక్కిలి ఆసక్తికరములు. తన లోపములను దాచుకొనక, ఇతరుల లోపములను అసలే దాచక వ్రాసెను. 1974లో ఇటలీయందే ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆలిండియా రేడియో డెబ్బదికి మించిన కేంద్రములనుండి మాట్లాడుచుండెను. హార్మోనియము తిరిగి వచ్చియుండెను.